జీపు కింద కంబళి

యాభై నాలుగో సంవత్సరం, కార్తీక మాసం, సోమవారం. ఉదయగిరి తాలూకా కచ్చేరీలో గంట తొమ్మిది కొట్టారు. ఆ మోత చెవుల్లో ఉండగానే ఒక గొర్రెల కాపరిని తలుపు చెక్క మీద పడుకోబెట్టి ఆసుపత్రి ముందుకు మోసుకొచ్చారు. టైము ఇంత కచ్చితంగా ఎట్లా చెబుతున్నానంటే, అప్పట్లో నాకు అక్షరాలు రావు, గడియారం చూడటమూ రాదు. అందుకని కచ్చేరీ గంట కొట్టినప్పుడల్లా చేతిలో పని ఆపి లెక్కపెట్టుకునేవాణ్ణి. ఆ రోజు లెక్క తొమ్మిది దగ్గర ఆగింది. తల తిప్పితే చెక్క కనిపించింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చెబుతాను. ఈ మధ్య మా వీధిలో ఒక పెద్ద బండి వచ్చి ఆగింది. కొండలూ గుట్టలూ ఎక్కడానికి ఎత్తు పెంచి కట్టిన బండి. దాన్ని తోలే కుర్రవాడు నాకు చూపించాలని ఏదో మీట నొక్కాడు. వెనకభాగం బుస్సుమని పైకి లేచింది. ఇంకోటి నొక్కితే దిగింది. ఇనుప స్ప్రింగు పట్టీల కమానుల బదులు గాలి తిత్తులు పెట్టారట. మీ కాలంలో ఇట్లాంటివి ఎక్కడున్నాయి తాతా అన్నాడు. ఉన్నాయి, నేనే పంపు కొట్టాను అన్నాను. నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఉన్న మాట ఉన్నదే. అది ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో, మోటారు పనిలో ఉన్న మీలాంటి పిల్లలు తెలుసుకుంటే నష్టం లేదు.

నేను ఆత్మకూరులో ఒక మోటారు షెడ్డులో ఫిట్టర్ని. షెడ్డంటే నాలుగు కొయ్యలు, పైన రేకులు. మా మేస్త్రీ యుద్ధంలో బర్మా వైపు మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చినవాడు. మనిషి మంచివాడే గానీ తిట్టకుండా స్పానర్ చేతికివ్వడం ఆయనకు తెలియదు. నాకు పని వచ్చిందంటే సగం ఆ తిట్లవల్లే వచ్చింది. మిగతా సగం ఆయన తిట్టడం మర్చిపోయి పనిలో మునిగినప్పుడు పక్కన నిలబడి చూస్తే వచ్చింది.

ఉదయగిరిలో ఒక కూపు కాంట్రాక్టరు ఉండేవాడు. వెలిగొండ అడవిలో కట్టె కొట్టించి, బొగ్గు కాల్పించి అమ్మేవాడు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన జీపు ఒకటి పాడుకున్నాడు. కూపు దారుల్లో బండరాళ్లు అడుగున తగులుతున్నాయని, ఎత్తు పెంచమని మా దగ్గరికి తెచ్చాడు. మేస్త్రీ కమానుల్లో ఇంకో రెండు పట్టీలు చేర్చి, ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టి, బండిని బాగా లేపాడు. బండరాళ్ల బెడద పోయింది. కాంట్రాక్టరుకు మొలలు వచ్చాయి. లేచిన బండి, గట్టి కమాను, రాళ్ల దారి, రాకేం చేస్తాయి?

ఒకరోజు షెడ్డుకు వచ్చి నిలబడే మాట్లాడుతున్నాడు. కూర్చోమని మేస్త్రీ పీట చూపిస్తే దాన్ని శత్రువును చూసినట్టు చూశాడు.

"మేస్త్రీ, నీ బండెక్కినప్పటి నుంచీ నేను నిలబడి అన్నం తింటా ఉండాను. ఎత్తు తగ్గించబాక. మెత్తగా చెయ్యి."

ఎత్తు తగ్గకుండా మెత్తగా చెయ్యడం అంత సులువు కాదు. మేస్త్రీ చాలా రోజులు ఆలోచించాడు. యుద్ధంలో గాలి కూరిన రబ్బరు తిత్తుల మీద పలకలు పరిచి, వాటి మీద లారీలను నది దాటించడం ఆయన కళ్లారా చూశాడట. లారీని మోసిన గాలి కాంట్రాక్టర్ని మొయ్యదా అన్నాడు. వెనక కమానుల్లోంచి కొత్త పట్టీలూ పాత పట్టీల్లో కొన్నీ తీసేసి, ఆ ఖాళీలో, ఇరుసుకూ పైన ఛాసీకీ మధ్య, ఒక్కో పక్క ఒక్కో ట్యూబు మడిచి పెట్టాడు. గాలి కొడితే ట్యూబు సొరకాయలాగా ఒక పక్కే ఉబ్బింది. దానికి గట్టి చొక్కా ఒకటి కావాలి.

ఆ చొక్కా కుట్టినవాడు ఉదయగిరి పెద్దాయన ఒకడు. తోలు పని. బావుల మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిలలకు తోలు తొండాలు కుట్టేవాడు. చుట్టుపక్కల ఏ కపిల తొండం చూసినా ఆయన కుట్టే. నీటిబొట్టు కారదు. దున్నపోతు తోలు రెండు పొరలు వేసి, గాలి వాల్వుకు మాత్రం ఒక కన్నం వదిలి, రెండు తిత్తులు కుట్టిచ్చాడు. వాటిని చూసి మా మేస్త్రీ తిట్టకుండా ఊరుకున్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు. బండి ఉండేది ఉదయగిరిలో, మేము ఉండేది ఆత్మకూరులో కాబట్టి, తిత్తుల్ని కపిల తొండం మాదిరే చూసుకుంటా ఉండమని పెద్దాయనకు అప్పజెప్పాడు. పెద్దాయన అట్నే సామీ అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కాంట్రాక్టరు కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టాడు.

నేను అప్పుడప్పుడూ బస్సెక్కి ఉదయగిరి పోయి వెనక ఎత్తు సరిచేసి వచ్చేవాణ్ణి. పని చూస్తే పంపు కొట్టడమే. కానీ గాలి ఎక్కువ పోస్తే వెనకభాగం లేస్తుంది, లేచేకొద్దీ బిగుస్తుంది, బిగిస్తే రాయి ఎక్కినప్పుడల్లా ఎగిరిపడుతుంది. గాలి తక్కువైతే మెత్తగానే ఉంటుంది గానీ, కుంగిపోయి చిన్న గుంటకే ఇరుసు ఛాసీకి కొట్టుకుంటుంది. ఈ రెండిటికీ మధ్య ఒక ఎత్తు ఉంది. బండిలో ఎంత బరువుంటే దాన్నిబట్టి అది మారుతుంది. మేస్త్రీ ఇరుసు మీద చిటికెన వేలు ఆనించి, బొటనవేలు ఛాసీకి చాపేవాడు. కూపు సామాను ఎక్కించాక ఆయన జాన సరిగ్గా పట్టాలి. నాది చిన్న చెయ్యి. నా జాన మీద రెండు వేళ్లు కలుపుకునేవాణ్ణి. స్కేలు పెట్టి చూడొచ్చు కదా అని మీరంటారు. స్కేలు మీద అంకెలుంటాయి. నాకు వేళ్లే ఉన్నాయి.

ఆ సోమవారం మేస్త్రీ, నేను ఇద్దరం ఉదయగిరిలోనే ఉన్నాం. ఎడమ పక్క తెల్లారేసరికల్లా కొంచెం కుంగుతోందని కాంట్రాక్టరు కబురు పెట్టాడు. చూశాం. వాల్వు మీద ఉమ్మి రాస్తే బుడగ రాలేదు. తిత్తి బయట చూస్తే కొత్తదాని మాదిరి నిగనిగలాడుతోంది. కుట్లు గట్టిగా ఉన్నాయి. గాలి కొట్టాం, నిలిచింది. అయిపోయిందనుకున్నాం. అప్పుడే గంట కొట్టారు, చెక్క వచ్చింది.

ఆ కాపరి దుర్గం కొండ మీద మందలోని మేకలకు కొమ్మలు కొడుతూ చెట్టు మీదనుంచి బండ మీద పడ్డాడు. నడుము కదలడం లేదు. ఆసుపత్రిలో ఆ రోజు డాక్టరు లేడు, కాంపౌండరు ఉన్నాడు. ఆయన పాదాలు తాకి చూసి, వేళ్లు ఆడించమన్నాడు. రెండు కాళ్ల వేళ్లూ కొంచెం కొంచెం ఆడాయి. కాంపౌండరు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పాడు. వెన్నులో ఎక్కడో చిట్లింది. ఆ వేళ్లు ఆడుతున్నాయి అంటే లోపలి నరం ఇంకా తెగలేదు. చెక్క మీదనుంచి దించకుండా, కుదపకుండా ఆత్మకూరు పెద్దడాక్టరు దగ్గరికి చేరిస్తే మళ్లీ లేచి నడవొచ్చు. దారిలో గట్టిగా కుదిపితే ఇక కాళ్లు ఉండీ లేనట్టే. ఎద్దులబండి మాత్రం వద్దన్నాడు.

కాపరి భార్య అది వినింది. ఏడవలేదు. మా జీపు వంక చూసి మేస్త్రీతో అంది.

"సాయిబన్నా, ఆ బండి మెత్తంగా పోతాదంట గదా. ఊరంతా అనుకుంటా ఉండారు."

కాంట్రాక్టరు ఆ రోజు కూపుకు పోవాలి. ఆయన్ని అడగడానికి మేస్త్రీ నోరు తెరవకముందే, తీసకపోండి, నేను నడిచిపోతాలే, నడిస్తే నాకూ మంచిదే అన్నాడు. మొలలున్నవాడి మంచితనం అని నవ్వుకోవద్దు. కూపులో ఆ రోజు ఆయన కోసం లారీ నిలబడి ఉంది, ఆలస్యమైతే నష్టం ఆయనదే.

తలుపు చెక్క జీపులో పట్టలేదు. ముందు పక్క సీటు ఊడదీసి, తల ముందువైపూ కాళ్లు వెనకవైపూ వచ్చేట్టు పొడుగ్గా పెట్టాం. కాళ్లవైపు చెక్క వెనక పలక దాటి కొంచెం బయటికే వచ్చింది. చెక్క మీద అతను, అతని మీద కప్పిన నల్ల కంబళి. నేను ఒక చక్రం గూటి మీద, ఆమె ఇంకో చక్రం గూటి మీద. దారిలో కుట్టు ఊడితే తనకు చేతకాదని, పెద్దాయన్ని కూడా రమ్మన్నాడు మేస్త్రీ. పెద్దాయన వెనక నుంచి ఎక్కబోతూ చెక్క అంచు పట్టుకున్నాడు.

"ఒరే, నువ్వు ఎడంగా ఉండు. చెక్క ముట్టుకోబాక" అంది ఆమె.

ఆ కాలం అట్లాంటిది. ఆమె కొత్తగా కనిపెట్టిన మాటేమీ కాదు. ఆయన వయసు ఆమె తండ్రి వయసు. ఆయన చెయ్యి తీసేసి, బయట కమ్మీ మీద కాళ్లు పెట్టి, టాపు బొంగు పట్టుకుని నిలబడ్డాడు.

అందరం ఎక్కేసరికి వెనక భాగం కుంగింది. చెక్క కాళ్లవైపు వాలింది. మేస్త్రీ ఆమె దగ్గరున్న ఇత్తడి పళ్లెం తీసుకుని, దాంట్లో నీళ్లు పోసి, చెక్క మీద అతని మోకాళ్ల పక్కన పెట్టాడు. నన్ను దిగి పంపు కొట్టమన్నాడు. నేను కొడుతుంటే నీళ్లు ఒక అంచు నుంచి జరిగి మెల్లగా నడుమకు వచ్చాయి. నేను ఇంకా రెండు దెబ్బలు కొట్టబోతే ఆపేశాడు. ఎత్తు కోసం కాదురా గాలి పోసేది, మెత్తన కోసం అని, వెనక మూల మీద అరచెయ్యి పెట్టి నొక్కి వదిలాడు. బండి కిందికి పోయి, పైకి వచ్చి, నిలిచింది. ఎగరలేదు. ఎడమా కుడీ జానతో చూశాడు. బయల్దేరాం.

వింజమూరు దాకా దారి మాకు అనుకూలంగానే ఉంది. మేస్త్రీ బండిని నడుస్తున్న మనిషి కంటే కొంచెమే తొందరగా పోనిచ్చాడు. ఆమె కళ్లు భర్త పాదాల మీదనుంచి తీయలేదు. కాసేపటికొకసారి ఆడించు అనేది. అతను ఆడించేవాడు. అతనికి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు.

"ఇప్పుడు యాడ ఉండాము?" అన్నాడొకసారి.

"వింజమూరు దాటినాం" అన్నాను.

"నేను వింజమూరు పోవడం ఇదే మొదలు. ఒక్క ఇల్లు గూడా కనిపించలా."

ఆమె నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు గానీ ముఖం అటు తిప్పుకుని నవ్వాడు.

వానల రోజులు. దారికి అడ్డంగా బొగ్గేరు పారుతోంది, వంతెన లేదు. మోకాటి లోతు ఉంటుందేమో, నీళ్లు ఎర్రగా ఉన్నాయి. గట్టు దిగుతున్నాం. మేస్త్రీ మొదటి గేరులో పట్టి దించుతున్నాడు. ఏదో తడిగుడ్డ చిరిగినట్టు చప్పుడైంది, అంతే. పెద్ద పేలుడేమీ కాదు. ఎడమ వెనక భాగం ఒక్కసారిగా కూర్చుంది. ఇరుసు ఛాసీకి తగిలిన దెబ్బ నా పళ్లలో వినిపించింది. పళ్లెంలో నీళ్లు అతని కాళ్ల మీద పడ్డాయి.

మేస్త్రీ బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగాడు, ఆడించమను అని.

కుడికాలు వేళ్లు ఆడాయి. ఎడమకాలు ఆడలేదు.

"ఆడించు" అంది ఆమె.

"ఆడిస్తానే ఉండాను" అన్నాడు అతను.

ఆమె ఇంకోసారి అడగలేదు. ఎడమ పాదాన్ని చీర చెంగుతో తుడిచి, తన ఒళ్లో పెట్టుకోబోయి, కదపొద్దన్నారని గుర్తొచ్చి, చెయ్యి గాల్లోనే ఆపేసింది. ఇన్నేళ్లు అయినా ఆ ఆగిన చెయ్యి నాకు కనిపిస్తుంది.

చెక్కతో సహా అతన్ని దించి ఇసుకలో పెట్టాం. మేస్త్రీ జాకీ ఎక్కించి, జీపు కింద పడుకుని ఎడమ తిత్తి లాగాడు. మూతి విప్పి ట్యూబు బయటికి తీస్తే, అది ట్యూబు లాగా లేదు. ఉబ్బిపోయి, మెత్తబడి, వేలు పెడితే పాకంలాగా సాగింది. గుప్పున కానుగ నూనె వాసన కొట్టింది.

అప్పుడు అర్థమైంది అందరికీ. తోలు ఎండిపోయి పగలకుండా పెద్దాయన నెలనెలా రెండు తిత్తులకూ కానుగ నూనె పట్టించాడు, కపిల తొండానికి పట్టించినట్టే. నూనె తోలులో దిగి, తోలు దాటి, రబ్బరును తినేసింది. బయట తిత్తి నిగనిగలాడింది ఆ నూనెతోనే. ఆ నిగనిగ చూసే మేము బాగుంది అనుకున్నది.

మేస్త్రీ లేచి నిలబడి తిట్టాడు. ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ పోగేసినా అంత కాదు. ఆ తిట్లు ఇక్కడ రాయను. పెద్దాయన ట్యూబు ముక్క చేతిలో పట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు, తన పిల్ల ఏదో తప్పు చేసి దొరికినట్టు.

"తోలుకు నూనె పెట్టకుండా ఎట్టా ఉంటాను సామీ. నువ్వేగా కపిల మాదిరి చూసుకోమన్నావు."

మేస్త్రీ తిట్లు ఆపి, పెద్దాయన చేతిలోని ట్యూబు ముక్క తీసుకున్నాడు. నిజమే గదా. చెప్పింది ఆయన, చేసింది ఈయన. చెప్పింది చెప్పినట్టు, శ్రద్ధగా, సొంత నూనె పెట్టి చేశాడు. నూనెకూ రబ్బరుకూ పడదని మేస్త్రీకి తెలుసు గానీ, తోలుకు నూనె పెడతారని తట్టలేదు. తోలుకు నూనె పెట్టాలని పెద్దాయనకు తెలుసు గానీ, ఆ నూనె లోపలి రబ్బరును తినేస్తుందని తట్టలేదు. ఇద్దరూ వాళ్ల పనిలో మొనగాళ్లే. ఆ మధ్యలో పడి ఒక మనిషి కాలు పోయేట్టుంది.

"తప్పు ఎవుడిదైతే నాకేంది" అంది ఆమె ఇసుకలో కూర్చునే. "అది తరవాత తేల్చుకోండి. ఈయన్ని ఎట్టా తీసకపోతారో చెప్పండి."

కుడి ట్యూబు కూడా అదే దారిలో ఉంది, నమ్మడానికి లేదు. రెండూ తీసేస్తే బలం తగ్గించిన కమానులు ఇరుసును ఆపలేవు, ప్రతి గుంటకూ దెబ్బ తగులుతుంది. తిత్తుల్లో ఏదో ఒకటి కూరాలి. ఇసుక కూరితే బండరాయే. వరిగడ్డి కూరదామంటే చేలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మేస్త్రీ తన సీటు గుడ్డ చీరి లోపలి కొబ్బరి పీచంతా లాగాడు. అది తొక్కిన చోట అట్లాగే అణిగి ఉండిపోయింది. లేవలేదు.

ఆమె ఆ పీచు వంక చూసింది. తర్వాత భర్త మీద కప్పిన కంబళి వంక చూసింది.

"బొచ్చు తొక్కితే మళ్లా లేస్తాది" అంది.

అది అతని సొంత గొర్రెల బొచ్చు. కత్తిరించి, వడికించి, నేయించుకున్నది. వానకూ చలికీ కాపరికి ఇల్లు అదే. పైగా రెండు తిత్తులు, ఒకటే కంబళి. నడిమికి కోయాలి. పెద్దాయన తోలు కోసే కత్తి తీశాడు గానీ కంబళి మీద ఆనించలేకపోయాడు. అప్పటికే ఒక నష్టం చేసినవాడు కదా, చెయ్యి రాలేదు.

చెక్క మీదనుంచి కాపరి అన్నాడు, ఆకాశం చూస్తూనే: "కోయి పెద్దోడా. నడుం లేకపోతే కంబళి కప్పుకోని నేనేం చేస్తాను."

కోశాడు. రెండు సగాలూ దోపి, సందుల్లో పీచు కూరి, తిత్తుల మూతులు మళ్లీ కుట్టాడు. ఆయన కుట్టేటప్పుడు మేస్త్రీ పక్కన కూర్చుని తోలు బిగించి పట్టాడు.  తిత్తులు పెట్టి జాకీ దించితే వెనక భాగం జాన పట్టలేదు, బెత్తెడు తగ్గింది. నేను అరచెయ్యి పెట్టి నొక్కి వదిలాను. కిందికి పోయి, బద్ధకంగా పైకి వచ్చింది. మెత్తగానే ఉంది. కానీ బెత్తెడు తగ్గిన బండి మనిషితో సహా బొగ్గేటి రాళ్లలో దిగితే అడుగు తగులుతుంది. ఏటి మేర అతన్ని చేతుల మీదనే దాటించాలి.

మేస్త్రీ జీపు తోలాలి. మిగిలింది ముగ్గురం. తలవైపు రెండు మూలలూ నేను ఎత్తుతానన్నాను. కాళ్లవైపు ఒక మూల ఆమె పట్టింది. ఇంకో మూల ఖాళీగా ఉంది. పెద్దాయన దూరంగా నీళ్లంచున నిలబడి ఉన్నాడు. పొద్దున చెప్పిన మాట ఆయన మర్చిపోలేదు.

"నువ్వు పట్టుకో" అంది ఆమె. "నీ చెయ్యి వణకదు."

ఆయన వచ్చి పట్టుకున్నాడు. నీళ్లలో దిగాం. అడుగున రాళ్లు గుండ్రంగా, పాకుడు పట్టి ఉన్నాయి. ఒక్కొక్క పాదం వెతుక్కుని వేస్తున్నాం. ఆమె నీళ్ల వంక చూసుకుంటూ నడుస్తోంది, వేరే చూపు లేదు. నాకు అతని తల తప్ప ఏమీ కనిపించదు. పెద్దాయన మాత్రం పొట్టివాడు. చెక్క ఆయన ఛాతీ ఎత్తుకు వచ్చింది. అతని పాదాలు ఆయన ముఖం ముందే ఉన్నాయి.

నడిమి ఏట్లో ఆయన ఆగాడు. ఆయన ఆగితే అందరం ఆగాలి.

"ఆడింది తల్లీ" అన్నాడు.

"ఏ కాలు?"

"ఎడమది. బొటనేలు."

ఆమె తలెత్తలేదు. ఎత్తితే చెక్క కదులుతుంది. నీళ్ల వంకే చూస్తూ, సరిగ్గా చూసినావా అని అడిగింది. ఇంకోసారి ఆడిస్తే చెబుతానన్నాడు ఆయన. కాపరి పళ్లు బిగించిన చప్పుడు నాకు వినిపించింది.

"మళ్లా ఆడింది" అన్నాడు పెద్దాయన.

అప్పుడు కదిలాం.

అవతలి గట్టున మళ్లీ ఎక్కించాం. ఈసారి పెద్దాయన కమ్మీ మీద నిలబడబోతే, లోపలికి వచ్చి కాళ్ల దగ్గర కూర్చోమని ఆమె చేత్తో చూపించింది.  మేస్త్రీ పీచు తీసేసిన సీటులో వట్టి రేకు మీద కూర్చుని తోలాడు. కాంట్రాక్టరు బాధ ఇప్పుడు తెలిసిందిరా అని ఒకసారి నాతో అన్నాడు. ఆత్మకూరు చేరేసరికి అంగళ్లలో దీపాలు పెడుతున్నారు.

పెద్దడాక్టరు సూదితో ఎడమ పాదం మీద గుచ్చాడు. కాపరి డాక్టర్ని తిట్టాడు. గొర్రె మాట వినకపోతే తిట్టే తిట్టు అది. డాక్టరు కోపగించుకోలేదు.

"ఇంకొంచెం తిట్టు" అని రెండో చోట గుచ్చాడు.

ఆసుపత్రి బయటికి వచ్చాక మేస్త్రీ, పెద్దాయన, నేను మెట్ల కింద నిలబడ్డాం. మేస్త్రీ తమలపాకు సంచి తీసి, ముందు పెద్దాయనకు చాపాడు. కపిల మాదిరి చూసుకోమని చెప్పింది నేనే గదా అన్నాడు. క్షమించమని అడగడం ఆయనకు రాదు, అదే ఆయన అడగడం. పెద్దాయన ఆకు తీసుకుని, ఈసారి లోపల ఏముందో గూడా చెప్పు సామీ అన్నాడు.

తర్వాత మేము ఊరుకోలేదు. నూనె లేని తిత్తిలో కొత్త ట్యూబు పెట్టి చూశాం. ఎండకు తోలు పగిలింది. మళ్లీ నూనె పెడితే రబ్బరు పోయింది. తోలునూ రబ్బరునూ ఒక కాపురం చేయించడం మావల్ల కాలేదు. గాలి సంగతి అక్కడితో వదిలేశాం. పనిలో ఓడిపోవడమంటే ఇట్లాగే ఉంటుంది పిల్లలూ. ఎవరూ బద్ధకించలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు, అయినా ఓడిపోయాం. మీ పక్కవాడు తన పని ఎట్లా చేస్తాడో అడిగి తెలుసుకోండి. మేము అడగలేదు.

జీపు మాత్రం కంబళి సగాల మీదనే తిరిగింది. గాలి కంటే ఇదే సుఖంగా ఉందని కాంట్రాక్టరు వాటిని తియ్యనివ్వలేదు.

మరుసటి ఏడు చలి మొదలైన రోజుల్లో, షెడ్డు ముందు ఎవరో కర్ర ఆనించుకుని నిలబడ్డారు. నేను లారీ కింద పడుకుని ఉన్నాను. నాకు కనిపించింది పాదాలు మాత్రమే. ఎడమ పాదం కొంచెం ఈడుస్తోంది గానీ నేల మీద ఆనుతోంది. ఆ పాదాల్ని నేను మనిషి కంటే ముందు గుర్తుపట్టాను.

"నా కంబళి యాడ?" అన్నాడు.

మేస్త్రీ కొత్తది ఇప్పిస్తానన్నాడు. వద్దన్నాడు అతను. కొత్తదాంట్లో ఉండేది ఎవురి గొర్రెల బొచ్చో నాకేం తెలుసు అన్నాడు. మేము ముగ్గురం బస్సెక్కి ఉదయగిరి పోయాం. ఈ మాట విని కాంట్రాక్టరు ముఖం వేలాడేశాడు. నా కూర్చునే సుఖం పోతాదే అని నసిగాడు. కాపరి ఆయన ముందు కర్ర పక్కన పెట్టి, ఉత్త కాళ్ల మీద నిలబడి చూపించాడు. కాంట్రాక్టరు చూశాడు. తియ్యండి అన్నాడు.

పెద్దాయన తిత్తులు విప్పి, రెండు సగాలూ బయటికి లాగి, వాటిని కలిపి కుట్టాడు, తోలు తొండం కుట్టినట్టు దగ్గర దగ్గర కుట్లతో. కంబళి నడుమ ఎత్తుగా ఒక గీత పడింది. కుంకుడుకాయ పెట్టి ఎన్నిసార్లు ఉతికినా కానుగ నూనె వాసన పోలేదని ఆమె తర్వాత చెప్పింది. వాసనకు దోమలు రావడం లేదని అతను చెప్పాడు.

ఇంతదాకా ఎవరి పేరూ రాయలేదు. ముందే రాస్తే మనవాళ్లు పేరు చూసి ఊరేది, కులమేది అని లెక్కలు కడతారు, మనిషి చేసిన పని చూడరు. నాకు నలభై దాటాక అక్షరాలు వచ్చాయి. మొదట నా పేరు రాయడం నేర్పారు. ఆ తర్వాత నా అంతట నేను కూడబలుక్కుని రాసిన పేర్లు ఇవే. పని ఏమిటో చూశారు కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

ఆ సోమవారం బొగ్గేటి దగ్గర ఉన్నవాళ్లు: రేకు మీద కూర్చుని బండి తోలిన ఖాదర్ మేస్త్రీ. తిత్తి కుట్టి, తిత్తి విప్పి, ఏటి నడుమ వేలు ఆడిందని చెప్పిన చెంచయ్య. కంబళి కోయమన్న పెంచలయ్య. నీళ్ల మీదనుంచి చూపు తిప్పకుండా అతన్ని అవతలి గట్టుకు చేర్చిన వెంగమ్మ. తలవైపు మోసిన నేను, రమణయ్యను.